యుద్ధనౌక యెదుట జాలరి నావ

పోచంపల్లికి సముద్రము లేదు. ఊరు దాటి ఏ దిక్కునకు నడచినను రాతిగుట్టలు, తాటివనములు, చెరువు కట్టలు తప్ప కెరటమన్నది కానరాదు. అక్కడి చెరువులలో వల వేయు గంగపుత్రులకును ముదిరాజులకును ఎదురుపడు పెద్ద వస్తువు ఏదైన ఉన్నదన్న, అది మిట్టమధ్యాహ్నపు ఎండకు నీట దిగి మెడవరకు మునిగి నిలచిన ఎనుబోతు. అదలించినచో అదియే తప్పుకొనును. అట్టి ఊరిలో యుద్ధనౌకలను గూర్చియు, అవి ఢీకొట్టిన చేపల పడవలను గూర్చియు ప్రసంగించుట వింతగా తోచవచ్చును. కాని ఆ ఊరి మగ్గములకు సముద్రముతో పాత చుట్టరికము కలదు.

చీరాల నేతగాండ్ర చేతులలో పేరు గాంచి, నల్లగొండ ప్రాంతమున పుట్టపాక, పోచంపల్లి వంటి పల్లెలలో నిలచిన తేలియా రుమాలు ఆ చుట్టరికమునకు గుర్తు. నూలును నూనెతోను, ఆముదపు కాయల బూడిద నీటితోను పలుమార్లు తడిపి ఎండించి, ఆపైన ఎరుపు నలుపు రంగులు పట్టించెడివారు. నూనె వాసన వదలదు గనుకనే దానికా పేరు. కలవారి ఇండ్ల స్త్రీలు దానిని మేలిముసుగుగా ధరించిరనుట నిజమే కాని, తీరమున దానిని ఎక్కువగా వాడినవారు జాలరులు, పసులకాపరులు. తలపాగయై, నడుముగుడ్డయై, తువాలయై అది ఎండకును ఉప్పుగాలికిని ఓర్చెను. ఓడలనెక్కి అరేబియా రేవులకును తూర్పు ఆఫ్రికాకును పోయెను. దాని చతురములలో గడియారములను, విమానములను, గ్రామఫోనులను నేసిన రోజులును కలవు. పోచంపల్లి ఇక్కత్తునకు 2005లోను, తేలియా రుమాలునకు 2020లోను భౌగోళిక గుర్తింపు లభించెను. ఆ రుమాలు చుట్టుకొన్న తల నీటిమీద ఎంత దూరమునకు కానవచ్చును? చిన్న ప్రశ్నయే. దానికి సరియైన జవాబు దొరకక పలు దేశముల తీరములందు ప్రాణములు పోయినవి.

నావలో నిలుచున్న మనుష్యుని కన్ను నీటిమట్టమునకు సుమారు 2 మీటర్ల ఎత్తున ఉండును. భూమి గుండ్రనిది గనుక ఆ ఎత్తునుండి దిగంతము 5 కిలోమీటర్లకు కొంచెము పైచిలుకు. ఎదుటి ఓడ ఎత్తైనది గనుక పగటివేళ అంతకన్న దూరముననే దాని పైకొన అగపడును. రాత్రి సంగతి వేరు. 12 మీటర్లకు లోబడిన మరపడవ చూపవలసిన తెల్లని దీపము 2 నాటికల్ మైళ్ళ దూరము కానవచ్చిన చాలునని అంతర్జాతీయ నిబంధన. 20 నాట్‌ల వేగమున వచ్చు ఓడ ఆ 2 మైళ్ళను 6 నిమిషములలో దాటును. ఉపాధ్యాయులు నల్లబల్లపైన వేయింపదగిన లెక్క ఇది. ఆ 6 నిమిషములలో వల సముద్రములో ఉన్న పడవ ఏమి చేయగలదు? వల లాగుటకు అంత వ్యవధి చాలదు. కోసివేయుదమన్న వల వేలరూపాయల సొత్తు, ఒక్కొక్కప్పుడు అప్పు తెచ్చి కొన్నది. తండేలు కత్తి చేతబట్టి, వచ్చునది తప్పుకొనునేమోయని ఎదురుచూచును. ఆ చూపులోనే నిమిషములు గడచిపోవును.

తెడ్లతో నడుచు నావకు నిబంధన మరికొంత దయ చూపినది. చేతిలో ఒక టార్చిలైటునో, వెలిగించిన లాంతరునో సిద్ధముగ ఉంచుకొని, ఢీకొనకుండుటకు చాలినంత ముందుగా చూపిన చాలును. ఎడ్లబండి ఇరుసు క్రింద లాంతరు కట్టి హైదరాబాదు రాస్తాను దాటిన పాతకాలపు రైతునకు ఈ సూత్రము క్రొత్త కాదు. బండివాడు లాంతరు కట్టెను. లారీ నడుపువాడు దానిని చూడవలెను గదా. రాడార్ చూచుననవచ్చును. కొయ్యయు ఫైబరును ఇనుమువలె రేడియో తరంగములను బలముగా తిరుగగొట్టవు. కెరటములు లేచిన రాత్రి వాని తళుకులలో పడవ తళుకు కలసిపోవును. ఇక నీటిలోపల నుండు జలాంతర్గామికి చెవులే కన్నులు. యంత్రము ఆపి, వలకు కట్టుబడి, చప్పుడు చేయక తేలు పడవ ఆ చెవులకు లేనిదానితో సమానము.

ఓడలు ఢీకొనకుండుటకై 1972లో ఏర్పడి 1977లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ నియమావళి, న్యాయమును చిన్నవానివైపే ఉంచినదని చెప్పవచ్చును. వల వేసియున్న పడవకు యంత్రబలముతో నడుచు ఓడయే తప్పుకొనవలెను. ఆ ఓడ సరకులదైనను యుద్ధనౌకయైనను నియమమొక్కటియే. ప్రతి ఓడపైనను కంటితోను చెవితోను ఎడతెగని కావలి ఉండవలెను. లాగుడువల పడవ రాత్రివేళ తెలుపు దీపముపైన ఆకుపచ్చ దీపమును, ఇతర వలల పడవ తెలుపుపైన ఎరుపును చూపవలెను. అయితే ఇందులో ఒక మెలిక కలదు. వల పైకి తీసి ఇంటిముఖము పట్టిన పడవ, నియమావళి దృష్టిలో చేపల పడవ కాదు. అదియును అన్నిటివలె ఒక మరపడవయే. ఇరుకైన కాలువలో చేపల పడవయే పెద్ద ఓడ దారికి అడ్డురాకుండవలెను. ప్రమాదము జరిగిన పిమ్మట న్యాయస్థానములలో వాదోపవాదములన్నియు ఈ మెలికలచుట్టునే తిరుగును.

చిన్న పడవను యుద్ధనౌక చూడకపోవుట ఒక కష్టము. చూచి మరియొకటిగా భ్రమించుట ఇంకొక కష్టము. ఇందుకు పేరుపడిన ఉదాహరణము 1904వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీ రాత్రి జరిగెను. జపానుతో యుద్ధమునకై బాల్టిక్ సముద్రమునుండి బయలుదేరిన రష్యా నౌకాదళము ఇంగ్లండు తూర్పు తీరమునకు దూరముగా డాగర్ బ్యాంక్ అను చేపల మిట్టను దాటుచుండెను. అక్కడ హల్ రేవు జాలరుల పడవలు వలలు వేసియుండెను. జపాను టార్పెడో పడవలు పొంచియున్నవని ముందే బెదరియున్న రష్యనులు ఆ దీపములను చూచి శత్రువులేయని ఫిరంగులు పేల్చిరి. సెర్చిలైట్ల వెలుగులో జాలరులు తమ చేతనున్న చేపలను ఎత్తి చూపిరి. మేము చేపలవారమని చెప్పుటకు వారికి వేరు భాష లేకపోయెను. క్రేన్ అను పడవ మునిగెను. దాని నాయకుడును మరియొకడును అక్కడనే చనిపోయిరి, గాయపడినవారిలో ఒకడు తరువాత మరణించెను. ఆ గందరగోళములో రష్యా ఓడలు తమ ఓడయైన అరోరా పైననే గుండ్లు కురిపించి దానిలోని మతగురువును పొట్టనబెట్టుకొన్నవి.

బ్రిటనుకును రష్యాకును యుద్ధమే వచ్చునేమో అనిపించిన ఆ వివాదమును ఐదు దేశముల అడ్మిరల్‌లు పారిస్ నగరమున కూర్చుండి విచారించిరి. అక్కడ టార్పెడో పడవలేవియు లేవనియు, ఫిరంగులు పేల్చుటకు తగిన కారణము లేదనియు 1905 ఫిబ్రవరిలో వారు తేల్చిరి. అందువలన రష్యా సేనాని ప్రతిష్ఠకు లోపము లేదని కూడ ఒక మాట చేర్చిరి. రష్యా 66,000 పౌండ్ల పరిహారము చెల్లించెను. ఆ నౌకాదళము ఆఫ్రికాఖండమును చుట్టి, హిందూమహాసముద్రమును దాటి, 1905 మే నెలలో సుషిమా వద్ద నిజమైన జపాను టార్పెడో పడవల నెదుర్కొని సర్వనాశనమయ్యెను.

యుద్ధకాలమున సయితము జాలరి జోలికి పోరాదను ఆచారము ఎంత పాతదో 1900 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పులో విచారించి చెప్పినది. స్పెయినుతో 1898లో జరిగిన యుద్ధమున అమెరికా నౌకలు క్యూబా తీరమున పాకెటే హబానా, లోలా అను రెండు చేపల పడవలను పట్టుకొని వేలము వేసిరి. 15వ శతాబ్దపు తొలినాళ్ళలో ఇంగ్లండు రాజు నాలుగవ హెన్రీ ఇచ్చిన ఆజ్ఞల నుండి సాక్ష్యములెత్తి, తీరమున చేపలు పట్టుకొను బీదల పడవలను పట్టుకొనుట దేశములన్నిటి ఆచారమునకు విరుద్ధమని కోర్టు తేల్చి, సొమ్మును సొంతదారులకు తిరిగి ఇప్పించెను. ఇదే సూత్రము 1907 నాటి హేగ్ ఒడంబడికలోనికి ఎక్కినది.

శాంతికాలమున జరిగిన ప్రమాదములలో ఉపాధ్యాయులును విద్యార్థులును తప్పక తెలిసికొనదగినది యొకటి కలదు. జపానులో ఎహిమే రాష్ట్రమున ఉవజిమా పట్టణమందు మత్స్యపరిశ్రమ నేర్పు ఉన్నత పాఠశాల కలదు. పొలము పనివాని బిడ్డకు పొలమెట్లో ఆ పిల్లలకు సముద్రమట్లు. ఎహిమే మారు అను 499 టన్నుల శిక్షణనౌక వారి తరగతిగది. 2001 ఫిబ్రవరి 9వ తేదీ మధ్యాహ్నము అది హవాయి దీవులలో ఓహూ తీరమునకు సుమారు 9 మైళ్ళ దూరమున పోవుచుండెను. అందులో 13 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు, 20 మంది నావికులు, వెరసి 35 మంది.

అదే నీటిలో అమెరికా అణు జలాంతర్గామి గ్రీన్‌విల్ 16 మంది అతిథులకు తన శక్తి చూపుచుండెను. లోతునుండి ఒక్క పెట్టున పైకి ఎగయుట ఆ వినోదములో కడపటి అంకము. పైకి రాకముందు పెరిస్కోపుతో చుట్టును చూడవలెను; చూచిరి, కాని తొందరగా చూచిరి. మరియొక ఓడ దగ్గరలో నున్నదని యంత్రములకు తెలిసియేయుండెను. 4,000 గజముల లోపున నున్నదని లెక్కగట్టిన నావికుడు ఆ మాట అధికారికి చెప్పలేదు. అతిథులు గది నిండ నిలచియుండుటయు అందుకొక కారణమని పిమ్మటి విచారణలో తేలెను. అధికారుల పర్యవేక్షణలో అతిథులు కొందరు మీటలపై చేతులు వేసియుండిరి. 6,900 టన్నుల ఉక్కు నీటిని చీల్చుకొని లేచి శిక్షణనౌక అడుగును కోసివేసెను. నౌక పదినిమిషములైనను తేలక 600 మీటర్ల లోతునకు దిగిపోయెను. నలుగురు విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు, ముగ్గురు నావికులు తిరిగి రాలేదు. ఆ నలుగురు పిల్లలును 17 ఏండ్లవారు.

పిమ్మట జరిగినది ఇంకను తలపోయదగినది. వార్త చెవినబడిన వెనుకను గోల్ఫు ఆట సాగించెనను నింద జపాను ప్రధానమంత్రి యోషిరో మోరీపైన పడెను. ఆ ఏడు ఏప్రిలులో ఆయన పదవి వదలెను. జలాంతర్గామి నాయకుడు స్కాట్ వాడిల్‌ను సైనిక న్యాయస్థానమునకు పంపక, మందలించి పదవీవిరమణ చేయనిచ్చిరి. తల్లిదండ్రులు కోరినది రెండే: తమ పిల్లల శరీరములు, తప్పు చేసినవాని నోట క్షమాపణ. అమెరికా నౌకాదళము ఆ నౌకను సముద్రగర్భమునుండి ఎత్తి తక్కువ లోతునకు చేర్చెను. తొమ్మిదింటిలో ఎనిమిది శరీరములు దొరకెను. ఒక విద్యార్థి మాత్రము దొరకలేదు. 2002 డిసెంబరులో వాడిల్ తానే ఉవజిమా పాఠశాలకు పోయి స్మారకమునకు తలవంచి, కుటుంబముల వారిలో కొందరిని కలసికొనెను. ఎహిమే మారు అను అదే పేరున మరియొక శిక్షణనౌక కట్టబడినది; ఆ పాఠశాల పిల్లలు దానిపైన మరల హవాయికి పోవుచున్నారు. హోనొలులూ తీరమున ఓడ లంగరుతో నిలిపిన స్మారకము కలదు.

జపాను తన నౌకాదళమువలననే ఇట్టి దుఃఖము ననుభవింపక పోలేదు. 2008 ఫిబ్రవరి 19వ తేదీ తెల్లవారుజామున 4 గంటలు దాటిన పిదప 7,750 టన్నుల అతాగో అను విధ్వంసక నౌక, 7.3 టన్నుల సేయిటోకు మారు అను చేపల పడవను రెండు ముక్కలు చేసెను. ఆ పడవలో ఉన్నది తండ్రియు కొడుకును. ఇరువురును దొరకలేదు. ఆ యుద్ధనౌక వందల కిలోమీటర్ల దూరమున క్షిపణిని పసిగట్టు రాడార్ గలది. వేయింతలు చిన్నదైన పడవ ముక్కుక్రిందకు వచ్చువరకు దానికి పట్టలేదు. కడపటి నిమిషము వరకు ఓడ స్వయంచాలక చుక్కానితోనే సాగుచుండెను. సముద్ర ప్రమాదముల విచారణసభ నేరము ప్రధానముగా యుద్ధనౌకదే యనెను. క్రిమినల్ న్యాయస్థానము మాత్రము పడవయే దారి మార్చెనని నమ్మి, 2011లో ఆ ఇద్దరు అధికారులను నిర్దోషులుగా విడిచెను. పడవలోనివారి మాట చెప్పుటకు పడవలోనివారెవ్వరును మిగులలేదు.

స్కాట్లండు తీరమున 1990 నవంబరు 22న జరిగినది మరియొక విధము. అక్కడ ఢీకొనుట లేదు. ట్రెంచెంట్ అను బ్రిటిషు జలాంతర్గామి నీటిలోపల పోవుచు ఆంటేర్స్ అను పడవ వలకు తగులుకొనెను. వల తెగలేదు, పడవ వలవెంట నీటిలోనికి పోయెను. నలుగురు జాలరులు మరణించిరి. జలాంతర్గాములు తిరుగు ప్రాంతములను రేడియోలో ముందుగా జాలరులకు తెలుపు ఏర్పాటు ఆ పిమ్మట బలపడెను.

భారతదేశమునకు కూడ ఈ అనుభవము దూరముది కాదు. 2024 నవంబరు 21న గోవాకు వాయవ్యముగా సుమారు 70 నాటికల్ మైళ్ళ దూరమున మార్తోమా అను చేపల పడవ మన నౌకాదళపు స్కార్పీన్ తరగతి జలాంతర్గామిని ఢీకొనెను. పడవలో 13 మంది ఉండిరి. 11 మందిని రక్షించిరి. ఇద్దరు ప్రాణములు కోల్పోయిరి. ఇక దుబాయి పేరు తెలియని పల్లె తెలంగాణలో ఉండదు గనుక మరియొకటి చెప్పవలెను. 2012 జూలై 16న దుబాయి సమీపమున జెబెల్ అలీ తీరమందు అమెరికా నౌకాదళపు సరఫరా ఓడ రాపహానక్ ఒక చిన్న పడవపైన తుపాకులు పేల్చెను. హెచ్చరికలను లెక్కచేయక దూసుకొని వచ్చినదని నావికులనిరి. హెచ్చరికయే లేదని పడవలోనివారనిరి. చనిపోయినవాడు పొట్టకూటికై పోయిన తమిళనాటి జాలరి. ముగ్గురు గాయపడిరి. డాగర్ బ్యాంక్ నుండి అప్పటికి 108 ఏండ్లు గడచినవి.

తెలుగువారి తీరమున విశాఖపట్టణమందు ఈ ఇరుగుపొరుగు నిత్యకృత్యము. డాల్ఫిన్స్ నోస్ కొండ నీడలో తూర్పు నౌకాదళపు ఓడలును, చేపల రేవు మరపడవలును ఒకే సముద్రముఖమున తిరుగును. ఆ చుట్టరికము ఎల్లప్పుడును కలహము కాదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ ఎదుట తొంబదిమందికి పైగా నావికులతో మునిగెను. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ విడిచిన బాంబులవలననని మనవారును, లోపలి పేలుడువలననని పాకిస్తాను వారును చెప్పుదురు. నీటిపైన నూనె తెట్టును, కొట్టుకొనివచ్చిన శకలములను మొదట గుర్తించి నౌకాదళమునకు తెలిపినవారిలో స్థానిక జాలరులుండిరి. ముంబయిపైన దాడికి 2008 నవంబరులో ఉగ్రవాదులు కుబేర్ అను గుజరాతు చేపల పడవను చేజిక్కించుకొని వచ్చినది మొదలు, యుద్ధనౌక కంటికి ప్రతి పడవయు ఒక అనుమానమైనది; అదే జాలరి తీరమునకు కావలివాడని ప్రభుత్వము సభలు పెట్టి చెప్పుచున్నది కూడ. ఒకే మనిషి రెండు వేషములను మోయవలసివచ్చెను.

20 మీటర్లకు మించిన పడవలకు తమ ఉనికిని తామే ప్రకటించు పరికరము ఉండవలెనని భారతదేశపు నిబంధన. చిన్నవానికది లేదు. యుద్ధనౌకలును రహస్యమునకై తమ పరికరమును తరచు ఆర్పియుంచును. ఆ లోటు తీర్చుటకు ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు అమర్చు పథకము 2024 ఆగస్టులో ప్రారంభమయ్యెను. తుఫాను హెచ్చరిక దానిద్వారా జాలరికి అందును. ఆపదలో నున్నానను మాట జాలరినుండి తీరమునకు పోవును. దగ్గరలో నున్న జలాంతర్గామి ఎక్కడనున్నదో మాత్రము అది చెప్పదు. చెప్పుటకు వీలును లేదు.

జలాంతర్గామితో మాటలాడు ఏర్పాటు వేరొకటి కలదు. అది సముద్రతీరమున గాక తెలంగాణ మెట్టనేలపైనే రానున్నది. వికారాబాదు జిల్లా దామగుండము అడవిలో సుమారు 2,900 ఎకరములలో నౌకాదళపు అతిస్వల్ప పౌనఃపున్య రేడియో కేంద్రమునకు 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేసెను. తిరునల్వేలి సమీపమున 1990 నుండి పనిచేయుచున్న కేంద్రమునకు ఇది తోడు. చెట్లు పోవునని పర్యావరణవాదులు అభ్యంతరము చెప్పిరి. సాధారణ రేడియో తరంగములు ఉప్పునీటిలో అడుగు పెట్టగానే ఆరిపోవును. కిలోమీటర్ల పొడవుగల ఈ తరంగములు మాత్రము కొన్ని మీటర్ల లోతువరకు దిగును. అందుకే జలాంతర్గామి పైకి తేలకయే ఆజ్ఞను వినగలదు. తిరిగి ఆ దారిన జవాబీయలేదు. అంత పెద్ద స్తంభములు దాని వీపున నిలువవు.

అదే జిల్లా అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ హైదరాబాదు దాటి, పోచంపల్లి ప్రాంతపు పొలములకు నీరిచ్చి, వాడపల్లి వద్ద కృష్ణలో కలయును. కృష్ణ హంసలదీవి వద్ద సముద్రమును చేరును. తూర్పు తీరమున ఏటేటను ఏప్రిల్ 15 నుండి 61 దినములు మరపడవలకు వేట నిషిద్ధము. జూన్ 14 అర్ధరాత్రి ఆ గడువు తీరును. అప్పటికే మంచు గడ్డలు, డీజిలు, బియ్యము, మంచినీరు పడవలకెక్కించి, వలలు సరిచూచుకొని, తండేలు దీపపు తీగ ఊడలేదుగదా యని ఒకసారి వెలిగించి చూచుకొనును. తెలుపుపైన ఆకుపచ్చ.